సంఖ్యాబలం లేని ప్రతిపక్ష ఎంపీ ప్రభుత్వాన్ని ఏం చేయగలడు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతాను. మీ నియోజకవర్గం నుంచి గెలిచిన ఎంపీ ప్రతిపక్షంలో ఉన్నారు. ప్రభుత్వానికి పూర్తి మెజారిటీ ఉంది. ఏ తీర్మానం పెట్టినా వీగిపోతుందని అందరికీ ముందే తెలుసు. అటువంటప్పుడు ఆ ఒక్క సభ్యుడు పార్లమెంటులో చేయగలిగింది ఏమైనా ఉందా, లేక మీరు వేసిన ఓటు ఐదేళ్లపాటు వృథా అయినట్టేనా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే వృథా కాదు. ప్రభుత్వాన్ని పడగొట్టడం అతని చేతిలో లేదు. కానీ ప్రభుత్వం చేత సభలో, రాతపూర్వకంగా, రికార్డులో ఉండేలా జవాబు చెప్పించడం అతని చేతిలో ఉంది. ఆ జవాబు ఆ రోజుకు చప్పగా కనిపించవచ్చు, మరునాటి పత్రికల్లో ఒక్క వాక్యం కూడా రాకపోవచ్చు. అయినా సభకు ఇచ్చిన సమాధానం ఎప్పటికీ చెరిగిపోదు. సభకు తప్పు సమాచారం ఇచ్చిన మంత్రి ఆ మాటకు కట్టుబడి ఉండాలి, లేదా సభ ముందుకొచ్చి దిద్దుకోవాలి. మంచి ప్రతిపక్ష సభ్యుడి పని అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నేను పద్దెనిమిదేళ్లపాటు ఢిల్లీలో తెలుగు ఎంపీల దగ్గర పార్లమెంటు పనులు చూసే సహాయకుడిగా ఉన్నాను. ప్రశ్నలు రాయడం, నోటీసులు తయారుచేయడం, వచ్చిన జవాబులను పాత జవాబులతో సరిపోల్చడం నా రోజువారీ పని. వారిలో కొందరు అధికార పక్షంలోనూ, ఎక్కువమంది ప్రతిపక్షంలోనూ ఉండేవారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన నాకు ఇచ్చిన సలహా ఒక్కటే: మధు లిమయే ఎలా పనిచేశాడో చదువు అని. పాత లోక్‌సభ చర్చల సంపుటాలను గ్రంథాలయంలో కూర్చుని నెలల తరబడి చదివాను. అందుకే ఆయన కథతోనే మీకు జవాబు చెబుతాను.

మధు లిమయే 1922 మే 1న పుణెలో పుట్టారు. సోషలిస్టు. గోవా విముక్తి కోసం 1955లో సత్యాగ్రహులతో కలిసి సరిహద్దు దాటితే పోర్చుగీసు సైనిక న్యాయస్థానం 12 ఏళ్ల శిక్ష వేసింది, 1957లో విడుదలయ్యారు. మహారాష్ట్రలో పుట్టిన ఈ మనిషి 1964 ఉప ఎన్నికలో బిహార్‌లోని ముంగేర్ నుంచి లోక్‌సభకు వచ్చారు. 1967లో అక్కడి నుంచే మళ్లీ గెలిచారు, 1971లో ఓడిపోయారు, 1973లో బాంకా ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ సభకు వచ్చారు. 1967లో ఆయన పార్టీ సంయుక్త సోషలిస్టు పార్టీకి లోక్‌సభలో ఉన్నది 23 మంది. ఇంత చిన్న బలగంతో ఆయన లేచి నిలబడితే మంత్రులు కాగితాలు సర్దుకునేవారంటే దానికి కారణం గొంతు పెద్దది కావడం కాదు. రాజ్యాంగం, సభా నియమావళి, పాత స్పీకర్ల రూలింగులు ఆయనకు కంఠతా ఉండేవి. ఏ మంత్రి ఏ తేదీన ఏం చెప్పాడో కాగితాలతో సహా చూపగలిగేవారు. 1967 నుంచి 1969 దాకా స్పీకరు స్థానంలో ఉన్నది మన నీలం సంజీవరెడ్డి గారు. ఆ కాలపు చర్చల్లో లిమయే లేవనెత్తిన నియమాల అభ్యంతరాలు చదివితే, సభ నడపడం అనేది ఎంత సూక్ష్మమైన విద్యో తెలుస్తుంది.

అయితే లిమయేకంటే ఒక్క ఏడాది ముందు సభలో అడుగుపెట్టిన ఆయన గురువు రామ్‌మనోహర్ లోహియాను వదిలేసి ఈ కథ చెప్పలేం. లోహియా 1962లో ఫూల్పూర్‌లో నెహ్రూ చేతిలో ఓడిపోయి, 1963లో ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచారు. అదే ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. స్వతంత్ర భారత లోక్‌సభలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. నాలుగు రోజులు చర్చ జరిగింది. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చాయి. అంకెలు చూస్తే అది ఘోర పరాజయం.

కానీ ఆ చర్చల్లో లోహియా లేవనెత్తిన లెక్క ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని, ప్రధానమంత్రి మీద మాత్రం రోజుకు 25,000 రూపాయలు ఖర్చవుతోందని ఆయన అన్నారు. అప్పటికి నయాపైసలు వచ్చి ఆరేళ్లయినా జనం లెక్క ఇంకా అణాల్లోనే ఉండేది. మూడణాలంటే దాదాపు 19 పైసలు. నెహ్రూ దాన్ని ఒప్పుకోక సగటు ఆదాయం 15 అణాలని చెప్పారు. లోహియా వాదనకు అసలు బలం అక్కడే వచ్చింది. సగటు అనేది కోటీశ్వరుడి ఆదాయాన్నీ కూలివాడి ఆదాయాన్నీ ఒకే గంపలో పోసి లెక్కగట్టేది. అడుగున ఉన్నవాడికి ఎంత అందుతోందో చెప్పండి అన్నది ఆయన వాదన సారం. దాంతో అడుగున ఉన్న కుటుంబం రోజు ఖర్చు ఎంత అన్న ప్రశ్న మొదటిసారి సభలో ప్రధానితో ముఖాముఖి తేల్చుకోవాల్సిన విషయం అయింది. తీర్మానం వీగిపోయింది, ప్రశ్న మాత్రం మిగిలింది. లోహియా లోక్‌సభ ప్రసంగాలను సంపుటాలుగా అచ్చువేసే భారాన్ని మోసినవారు మన హైదరాబాదు సోషలిస్టులే కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న ఉదంతానికి వస్తాను. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వేసిన ఒక ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

1970ల మొదట్లో ప్రధాని ఇందిరాగాంధీ కుమారుడు సంజయ్ గాంధీకి చెందిన మారుతి సంస్థకు చిన్న కారు తయారీకి అనుమతి వచ్చింది. విదేశీ యంత్రాలు దిగుమతి చేసుకోకూడదన్నది ఆ అనుమతిలో ఒక షరతు. ఆ షరతు సరిగా పాటిస్తున్నారా అన్న అనుమానంతో ప్రతిపక్ష సభ్యులు 1975లో లోక్‌సభలో ప్రశ్న వేశారు. ప్రశ్న వేస్తే ఏమవుతుంది? సంబంధిత శాఖలో ఎవరో ఒక అధికారి ఆ వివరాలు సేకరించాలి. అలా నలుగురు అధికారులు సమాచారం కోసం ప్రయత్నించారు. వాళ్ల పని అదే. కానీ ఆ పని చేసినందుకే వారిని వేధించారని, కేసులు పెట్టించారని ఆరోపణ వచ్చింది. కొద్ది నెలల్లోనే ఎమర్జెన్సీ వచ్చింది, ప్రశ్న వేసినవారిలో చాలామంది జైళ్లకు వెళ్లారు, విషయం అక్కడికి సమసిపోయిందనే అందరూ అనుకొని ఉంటారు.

1977లో ప్రభుత్వం మారి జనతా పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో మధు లిమయే తదితరులు సభాహక్కుల ఉల్లంఘన నోటీసు ఇచ్చారు. నోటీసు కారు మీద కాదు, లైసెన్సు మీద కాదు. పార్లమెంటు అడిగిన ప్రశ్నకు జవాబు కోసం సమాచారం సేకరిస్తున్న అధికారులను అడ్డుకోవడమంటే పార్లమెంటును అడ్డుకోవడమే అన్నది దానిలోని వాదన. వ్యవహారం సభాహక్కుల కమిటీకి వెళ్లింది, కమిటీ తప్పు జరిగిందని తేల్చింది. 1978 డిసెంబరు 19న లోక్‌సభ ఇందిరాగాంధీని సభ నుంచి బహిష్కరించి, సమావేశాలు ముగిసేదాకా జైలులో ఉంచాలని తీర్మానించింది. ఆమె అప్పటికి కొద్ది వారాల క్రితమే చిక్‌మగళూరు ఉప ఎన్నికలో గెలిచి వచ్చిన సభ్యురాలు. 1981 మేలో తరువాతి లోక్‌సభ ఆ తీర్మానాన్ని రద్దుచేసింది.

ఇందులో రెండు విషయాలు నిజాయితీగా చెప్పాలి. మొదటిది, నోటీసు ఇచ్చేనాటికి లిమయే అధికార పక్షంలో ఉన్నారు. మెజారిటీ అటు ఉండబట్టే తీర్మానం నెగ్గింది. రెండోది, శిక్ష విషయంలో జనతా ప్రభుత్వం హద్దు దాటిందని నా అభిప్రాయం. ఓటర్లు గెలిపించి పంపిన సభ్యురాలిని సభే వెళ్లగొట్టడం మంచి సంప్రదాయం కాదు. రాజకీయంగా కూడా అది ఆమెకే సానుభూతి తెచ్చింది. ఇవి రెండూ ఒప్పుకున్న తరువాత కూడా మూలసూత్రం చెక్కుచెదరదు. 1975లో ఆ ప్రశ్న రికార్డులో లేకపోతే 1977లో పట్టుకోవడానికి కొస దొరికేది కాదు. సంఖ్యాబలం లేని రోజుల్లో వేసిన ప్రశ్న అది.

ఎమర్జెన్సీ కాలంలో లిమయే చేసిన మరొక పని చెప్పి ముందుకు వెళ్తాను. ఆయన మధ్యప్రదేశ్ జైళ్లలో ఉన్నారు. 1971లో ఎన్నికైన లోక్‌సభ ఐదేళ్ల గడువు 1976 మార్చిలో తీరిపోవాలి. ప్రభుత్వం దాన్ని ఏడాది పొడిగించింది. జనం మాకు ఇచ్చింది ఐదేళ్లే కాబట్టి ఆరో ఏడాది మాది కాదు అన్న కారణంతో లిమయే, ఆయనతోపాటు యువకుడైన శరద్ యాదవ్, జైలు నుంచే లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ప్రభుత్వం మీద దాని ప్రభావం ఏమీ లేదు. కానీ ఒక సభ్యుడు తన పదవి కాలపరిమితిని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడానికి నేను కొత్త ఎంపీలకు ఈ సంగతే చెప్పేవాడిని. మాజీ ఎంపీగా పెన్షను కూడా ఆయన తీసుకోలేదు.

ఇక మీ ఎంపీ చేతిలో ఏ పనిముట్లు ఉన్నాయో చూద్దాం. అన్నిటినీ వివరించను, నిజంగా పనికొచ్చేవాటి దగ్గరే ఆగుతాను.

అన్నిటికంటే పదునైనది ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకు మౌఖిక జవాబు, 230 దాకా మామూలు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఉంటాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వరస క్రమం లాటరీలో తేలుతుంది. ఆ 20లో ప్రశ్నలకు కేటాయించిన గంటలో నాలుగైదుకు మించి సభలో చర్చకు రావడం అరుదు. వచ్చినప్పుడు ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు అడిగే అవకాశం ఉంటుంది. అధికారులు మంత్రికి రాసిచ్చిన కాగితం పని అక్కడితో అయిపోతుంది. అనుబంధ ప్రశ్నకు మంత్రే సొంతంగా జవాబు చెప్పాలి.

ప్రశ్న రాయడంలోనే సగం విద్య ఉంది. నా అనుభవంలోనిది ఒకటి చెబుతాను. ఒక ఎంపీగారి నియోజకవర్గంలో కేంద్ర పథకం కింద తాగునీటి పనులు మంజూరై ఆగిపోయాయి. పేర్లు అనవసరం. ఆయన కోపంతో రాయించిన మొదటి ప్రశ్న ఇది: పనులు నత్తనడకన సాగుతున్న మాట నిజమేనా, అయితే ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది? జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది: పనులు వివిధ దశల్లో ఉన్నాయి, పురోగతిని ఎప్పటికప్పుడు సమీక్షిస్తున్నాం, తక్కిన ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ జవాబులో ఎక్కడా అబద్ధం లేదు, ఎక్కడా సమాచారమూ లేదు.

తరువాతి సమావేశాలకు ఆ ప్రశ్నను నేను ఇలా మార్చాను. ఫలానా జిల్లాలో ఫలానా మూడు ఆర్థిక సంవత్సరాల్లో మంజూరైన పనులు ఎన్ని. ఒక్కొక్కదానికి కేటాయించిన మొత్తం, విడుదల చేసిన మొత్తం ఎంత. పని మొదలైన తేదీ, పూర్తికావలసిన తేదీ ఏవి. గడువు దాటినవి ఎన్ని, కారణం ఏమిటి. ఇందులో కోపం లేదు, విశేషణం లేదు, ‘నిజమేనా’ అన్న మాట కూడా లేదు. జవాబుకు అనుబంధంగా ఈసారి ఒక పట్టిక వచ్చింది. దానిలో ‘పూర్తికావలసిన తేదీ’ అన్న గడిలో పై నుంచి కిందిదాకా తేదీలు ఉన్నాయి. వాటిలో చాలావరకు దాటిపోయినవే. ‘కారణం’ అన్న గడిలో మాత్రం చిన్న గీతలు పెట్టి వదిలేశారు. ఎంపీగారు ఆ పట్టికను జిల్లా సమీక్ష సమావేశానికి తీసుకువెళ్లి కలెక్టరు ముందు పెట్టారు. కేంద్రమంత్రి సంతకంతో సభకు వెళ్లిన పట్టికను స్థానిక ఇంజనీర్లు కాదనలేకపోయారు. ఆరేడు నెలల్లో కొన్ని ఊళ్లకు నీళ్లు వచ్చాయి. అన్నిటికీ రాలేదు.

రెండో పనిముట్టు హామీ. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని మంత్రి జవాబిస్తే చాలామంది సభ్యులు నిరాశపడతారు. నిజానికి అది మన చేతికి చిక్కిన హామీ. దాన్ని పరిశీలించడానికి లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి. మంత్రి ఇచ్చిన జవాబులో తప్పుంటే దాన్ని ఎత్తిచూపుతూ స్పీకరుకు రాసే పద్ధతి కూడా ఉంది; స్పీకరు ఆదేశాల్లో 115వది దీనికోసమే. ఇవి టీవీలో కనిపించవు. నేను చూసిన మంచి సభ్యులు తమ పాత ప్రశ్నల దస్త్రాన్ని తేదీలవారీగా దగ్గర పెట్టుకొనేవారు.

మూడోది కమిటీలు. ప్రజా పద్దుల కమిటీకి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడుగా ఉండే సంప్రదాయం 1967లో మీనూ మసానీతో మొదలైంది. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక మీద శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నించే చోటు అది. కెమెరాలు ఉండవు కాబట్టి అక్కడ అధికార పక్ష సభ్యులు కూడా మనసులో మాట అడుగుతారు.

అరగంట చర్చ (వచ్చిన జవాబు మీద మరింత వివరణ కోరేది), కోత తీర్మానం (ఒక శాఖ పద్దును తగ్గించాలని పెట్టేది), ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) కూడా ఉన్నాయి. బడ్జెట్ పద్దుల్లో చాలా భాగం చర్చ లేకుండానే ఒక్కసారిగా ఆమోదం పొందుతాయి కాబట్టి కోత తీర్మానాల మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోమని చెప్పను.

అవిశ్వాస తీర్మానం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువారికి దానితో దగ్గరి సంబంధం ఉంది. 1984 ఎన్నికల తరువాత లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం 30 మందితో తెలుగుదేశం. 400కు పైగా సభ్యులున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వం మీద 1987 డిసెంబరులో అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించింది ఆదిలాబాద్ సభ్యులు సి. మాధవరెడ్డి గారు. అది మూజువాణి ఓటుతోనే వీగిపోయింది. 2018 జూలై 20న ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం పెట్టిన తీర్మానానికి 126 ఓట్లు, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చాయి. గెలవవని తెలిసీ ఎందుకు పెడతారంటే, ఆ చర్చకు జవాబుగా ప్రధాని సభలో ఉండి మాట్లాడక తప్పదు. వేరే ఏ పద్ధతిలోనూ అంత గట్టి బాధ్యత ఆయన మీద పడదు.

అదే 2018లో జరిగిన మరో సంగతి నా మాటకు బలమిస్తుంది. మార్చిలో తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ అవిశ్వాస నోటీసులు ఇచ్చాయి. తీర్మానాన్ని చేపట్టాలంటే కనీసం 50 మంది తమ స్థానాల్లో లేచి నిలబడాలి, స్పీకరు లెక్కపెట్టాలి. కానీ వేరువేరు పార్టీల సభ్యులు స్పీకరు ముందున్న ఖాళీ స్థలంలో (వెల్‌లో) నిలబడి నినాదాలు చేస్తుండటంతో సభ సక్రమంగా లేదని, లెక్కపెట్టడం సాధ్యం కాదని చెప్పి సభను రోజూ వాయిదా వేశారు. సమావేశాలు అలాగే ముగిశాయి. ప్రభుత్వానికి అది అనుకూలించింది. సభను నడిపించే బాధ్యత ప్రభుత్వానిదే అన్న మాట నేనూ ఒప్పుకుంటాను, గందరగోళాన్ని సాకుగా వాడుకోవడాన్ని తప్పుపడతాను. అయినా అనుభవం మీద చెబుతున్నాను: సభ స్తంభిస్తే నష్టపోయేది ఎప్పుడూ ప్రశ్న వేసినవాడే.

ఇది నేను కళ్లారా చూసిన విషయం. ఒక ఎంపీగారి ప్రశ్న ఏడాదిన్నర తరువాత మొదటిసారి లాటరీలో మూడో స్థానంలో వచ్చింది. రెండు వారాలు కష్టపడి అనుబంధ ప్రశ్నలు తయారుచేశాం. మంత్రి ‘అవును’ అంటే ఏం అడగాలి, ‘కాదు’ అంటే ఏం అడగాలి అని రెండు వేర్వేరు కాగితాలు రాసిచ్చాను. ఆ ఉదయం 11 గంటలకు సభ మొదలైంది. వేరే విషయం మీద నినాదాలు మొదలయ్యాయి. అందులో ఆయన సొంత పార్టీవారూ ఉన్నారు. ఆరేడు నిమిషాలకే సభ మధ్యాహ్నానికి వాయిదా పడింది. ఆ రోజు ప్రశ్నల జవాబులన్నీ రాతపూర్వకంగా సభ ముందు ఉంచినట్టే లెక్క. అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం పోయింది. ఆయన బయటికి వచ్చి ఆ రెండు కాగితాలనూ మడిచి నా చేతిలో పెట్టారు. మంత్రిగారి వ్యక్తిగత సిబ్బంది ముఖాల్లో కనిపించిన ఊరట నాకింకా గుర్తుంది.

సస్పెన్షన్ అయితే నష్టం ఇంకా ఎక్కువ. 2023 డిసెంబరులో ఉభయ సభల్లో కలిపి 146 మంది సభ్యులు సస్పెండ్ అయ్యారు. వారు వేసిన ప్రశ్నలను కూడా జాబితా నుంచి తీసేశారు. ఆ సస్పెన్షన్లు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అంతమందిని బయటికి పంపి కీలకమైన బిల్లులు ఆమోదించడం సరైనది కాదని నా ఉద్దేశం. మీ ప్రశ్నకు సంబంధించినంతవరకు గమనించవలసింది, ఆ రోజుల్లో ఆ నియోజకవర్గాల ప్రశ్నలు సభలో లేవు.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు అతి ఆశగా కనిపిస్తుంది.

సభలో అన్న మాటకు రాజ్యాంగం 105వ అధికరణ రక్షణ ఉంది. ఏ కోర్టులోనూ దావా వేయలేరు. సభ బయట ఆ రక్షణ లేదు. దీనికి కూడా లిమయే జీవితమే ఉదాహరణ. 1974లో ఢిల్లీలో జరిగిన విలేకరుల సమావేశంలో అప్పటి మహారాష్ట్ర మంత్రి అంతులే మీద చేసిన ఆరోపణలకు ఆయన మీద పరువునష్టం కేసు నడిచింది. 1977లో సుప్రీంకోర్టు అందులో ఇచ్చిన తీర్పు హైకోర్టుల సహజాధికారాల మీద ప్రామాణికమైంది. మన హైకోర్టుల్లో క్రిమినల్ కేసు కొట్టేయమని క్వాష్ పిటిషను వేసే న్యాయవాదులు ‘మధు లిమయే కేసు’ అని ఇప్పటికీ ఉదహరించేది దాన్నే. కొత్త ఎంపీలు సభలో జాగ్రత్తగా అడిగి, బయటికొచ్చి మైకుల ముందు ఎక్కువ మాట్లాడి చిక్కుల్లో పడటం నేను చాలాసార్లు చూశాను.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తరువాత అధికార పక్ష సభ్యుడు పార్టీ ఆదేశాన్ని (విప్‌ను) కాదని ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. అందువల్ల వాదనతో ఓట్లు మార్చడం ఇవాళ దాదాపు అసాధ్యం. అంతకుముందు అధికార పక్షం లోపలి నుంచి కూడా గట్టి సవాళ్లు వచ్చేవి. 1957లో ముంద్రా వ్యవహారాన్ని (ఎల్‌ఐసీ డబ్బుతో వ్యాపారి ముంద్రా కంపెనీల వాటాలు కొనడాన్ని) సభలో బయటపెట్టి ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకు దారితీసిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ సభ్యుడే. ఆ బాధ్యత కూడా ఇప్పుడు ప్రతిపక్షం భుజాల మీదే పడింది.

మరొకటి, చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి: సభలో బాగా పనిచేసినంత మాత్రాన ఓట్లు రావు. లిమయే 1971లో ఓడారు, 1980లో బాంకాలో మళ్లీ ఓడారు. జనతా పార్టీలో ఉంటూ ఆరెస్సెస్‌లోనూ ఉండవచ్చా అన్న ద్వంద్వ సభ్యత్వం వివాదంలో ఆయన పట్టుదల వల్లే జనతా పార్టీ చీలిందని నిందించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ నింద కూడా ఆయన మోశారు. మన ఎస్. జైపాల్‌రెడ్డి గారు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేసి, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. అంతటివారికీ ఎన్నికల్లో ఓటములు తప్పలేదు. ఊళ్లో సీసీ రోడ్డు వేయించిన సభ్యుడు గుర్తుంటాడు. అనుబంధ ప్రశ్నతో మంత్రిని నిలదీసిన సభ్యుడు గుర్తుండడు. అందువల్లే చాలామంది ఎంపీలు ఈ పనిని వదిలేసి నినాదాల వైపు వెళ్తారు. వారిని పూర్తిగా తప్పుపట్టలేను, ఎందుకంటే నినాదమైతే సాయంత్రం వార్తల్లో కనిపిస్తుంది.

కాబట్టి మీ ఎంపీ ఏం చేస్తున్నారో తెలుసుకోవాలంటే టీవీ చూడకండి. పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుడి పేరు మీద ప్రతి ప్రశ్నా, దాని జవాబూ ఉంటాయి. ఎన్ని ప్రశ్నలు వేశారన్న లెక్కను పట్టించుకోకండి. సహాయకులు రాసిచ్చిన మూస ప్రశ్నలతో ఆ లెక్క ఎంతైనా పెంచవచ్చు, నేనే పెంచిన సందర్భాలు ఉన్నాయి. ఒకే విషయం మీద రెండోసారి, మూడోసారి అడిగారా, మొదటి జవాబులోని లోటును పట్టుకొని తరువాతి ప్రశ్న వేశారా అన్నది చూడండి.

మీ ఊరి సమస్య ఏదైనా ఉంటే మీ ఎంపీకి విన్నపం బదులు ప్రశ్నే రాసి పంపండి. పథకం పేరు, జిల్లా, సంవత్సరాలు, మంజూరు, విడుదల, ఖర్చు, గడువు, ఆలస్యానికి కారణం అన్నవి వేర్వేరుగా రాయండి. విశేషణాలు వద్దు. సమావేశాలు మొదలయ్యే తేదీ ప్రకటించిన వారంలోనే అది ఆయన కార్యాలయానికి చేరాలి, ఎందుకంటే 15 రోజుల నోటీసు గడువు అప్పటి నుంచే తరుముకొస్తుంది. నేను పనిచేసిన కాలంలో ఓటర్ల నుంచి అలా రాసి వచ్చిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే. వాటిలో ఒక్కటి కూడా పక్కన పడేయలేదు.